కడ్డీ తీసిన బండి

నోటీసు కవరు పొద్దుటి నుంచీ సిస్టర్ టేబుల్ మీదే ఉంది. మధ్యాహ్నం దాకా దాన్ని ఇవ్వడానికి ఆవిడకి మనసొప్పలేదు. చివరికి వరండాలోకి తెచ్చి ఇచ్చేసరికి డ్రైవరు మెట్టు మీద కూర్చుని కొండబండి గాలి ఫిల్టరు దులుపుతున్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, కవరు అంచు జాగ్రత్తగా చింపి, కాగితం ఒకసారి చదివాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని మళ్లీ ఫిల్టరు అందుకున్నాడు.

"ఏం రాశారు నిదానం గారూ?" అంది సిస్టర్.

"పదకొండు కిలోమీటర్లకి రెండున్నర గంటలు ఎందుకు పట్టిందని అడిగారు."

ఆ ఆరోగ్య కేంద్రంలో అందరూ అతన్ని నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఫోనెత్తితే అతనే "నిదానాన్ని మాట్లాడుతున్నా" అంటాడు.

సిస్టర్ చెయ్యి చాపింది. అతను కాగితం తీసి ఇచ్చాడు. పై క్వారీలో రాయి మీద పడి తుంటి విరిగిన కార్మికుణ్ణి కిందికి తేవడంలో డ్రైవరు చేసిన అకారణ జాప్యం వల్ల ప్రాణం పోయిందని అందులో ఉంది. గంట ముందు తెచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేదని పెద్దాసుపత్రి డాక్టరు రాసిన మాట కూడా ఉంది. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. సోమవారం విచారణాధికారి వస్తారు.

"ఆ రోజు కాన్పు కేసు వదిలి నేను రాలేకపోయాను. నేను పక్కనుంటే ఇలా రాసేవాళ్లు కాదు," అంది సిస్టర్.

అతను ఫిల్టరుని వెలుతురుకి ఎత్తి చూశాడు. మడతల్లో ఇంకా రాతి దుమ్ముంది. వేలితో మెల్లగా తట్టాడు.

"ఇంకో సంగతి. రేపు పొద్దున క్వారీ వాచ్‌మన్ భార్యని కొండ దింపాలి. కాలి కట్టు చూపించుకునే రోజు. వెళ్తారా, వేరే ఎవర్నైనా అడగనా?"

వేలు ఆగింది. ఆ రోజు తర్వాత బండి కొండెక్కలేదు. తొమ్మిది రోజులైంది.

"వెళ్తాను," అన్నాడు.

కొండబండి అని వాళ్లు పిలుచుకునేది చిన్న బండి. ముందు పక్కపక్కనే రెండు సీట్లు, నెత్తి మీద పైపుల చట్రం, తలుపులుండాల్సిన చోట వలలు, వెనక ఒక స్ట్రెచరు, దాని పక్కన ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత సీటు. క్వారీకి వెళ్లే రాళ్ల బాటలో అది తప్ప ఇంకే బండీ ఎక్కదు. అతను ఫిల్టరు బిగించి, బండి తీసుకుని, తిన్నగా బావమరిది షెడ్డుకి వెళ్లాడు.

బావమరిది ట్రాక్టర్లూ నీళ్ల మోటార్లూ కొండబండ్లూ అన్నీ బాగుచేస్తాడు. చేతికి పని ఎంత అలవాటో నోటికి మాట అంత అలవాటు. బండి చూడగానే పానా కింద పెట్టి లేచాడు.

"రా బావా. అక్క పంపిందా, నువ్వే వచ్చావా?"

"వెనక కడ్డీ తీసెయ్యాలి."

బావమరిది నవ్వబోయి, బావ ముఖం చూసి మానేశాడు. ఆ కడ్డీ సంగతి అతనికి కొత్త కాదు. స్వే బారు. వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ బండి కింద అడ్డంగా పోయే వంపు ఇనుప కడ్డీ. మలుపుల్లో వేగంగా తిరిగినప్పుడు బండి ఒరిగిపోకుండా అది పట్టుకుంటుంది. కానీ రాళ్ల బాటలో ఒక చక్రం రాయెక్కితే రెండో చక్రాన్నీ తనతో లాగుతుంది. బండి మొత్తం ఒక పక్కకి విసిరినట్టు కొడుతుంది, తర్వాతి రాయికి రెండో పక్కకి. ముందు కూర్చున్నవాళ్లు పైపు పట్టుకుని ఎలాగో ఓర్చుకుంటారు. వెనక పడుకున్నవాళ్లకి పట్టుకోవడానికేమీ ఉండదు. దాన్ని తీయడానికి అనుమతి ఇమ్మని అతను రవాణా విభాగానికి మూడు ఉత్తరాలు రాశాడు. కంపెనీ అమర్చిన భాగాలను కదపరాదని మూడోదానికి ఒక వాక్యం జవాబు వచ్చింది.

"అనుమతి వచ్చిందా?"

"లేదు. నోటీసు వచ్చింది."

జేబులోంచి తీసి ఇచ్చాడు. బావమరిది నిలబడి చదివి, మడత పెట్టి, తిరిగి తనే బావ జేబులో పెట్టాడు.

"ఇది చూశాక కూడా తీస్తానంటావేంటి? సోమవారం ఆయన వస్తాడుగా. కడ్డీ అలాగే ఉంచి, ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి కొండెక్కించు. నువ్వు సంజాయిషీ రాయక్కర్లేదు, ఆయన నడుమే రాసిపెడుతుంది."

"రేపు కాలు విరిగినావిడని దింపాలి."

"ఒక్క ట్రిప్పేగా."

అతను చెక్క దిమ్మలు రెండు తెచ్చి ముందు చక్రాలకి అటూ ఇటూ ఆన్చాడు. బావమరిది జాకీ తోసుకొచ్చాడు.

"సరే. రేపటికి తీద్దాం. ఆదివారం మళ్లీ బిగించేద్దాం. ఆదివారం తప్పకుండా తేవాలి మరి."

"తెస్తాను."

జాకీని వెనక చట్రం నడిమధ్యన పెట్టి, రెండు చక్రాలూ నేల విడిచి ఒకే ఎత్తులో వేలాడేదాకా లేపారు. ఒక చక్రం ఎత్తులో ఇంకోటి పల్లంలో ఉంటే కడ్డీ బిగిసి ఉంటుంది. నట్టు ఊడగానే ముఖాన కొడుతుంది. బావమరిది చట్రం కింద రెండు స్టాండ్లు నిలబెట్టి, బండిని ఒకసారి చేత్తో కుదిపి చూశాడు. అతను అట్టముక్క పరుచుకుని కిందికి జరిగాడు.

కడ్డీ రెండు కొసలూ రెండు పొట్టి లింకులతో చక్రాల చేతులకి తగిలించి ఉన్నాయి. కుడివైపుది తేలిగ్గానే వచ్చింది. ఎడమవైపు నట్టు తిప్పుతుంటే లోపలి బోల్టు కూడా దానితోపాటే తిరుగుతోంది. బోల్టు మొనలో ఆరుపలకల గుంట ఉంది. అది తుప్పుతో, రాతి దుమ్ముతో పూడిపోయింది. అతను మేకుతో ఆ గుంటని కొంచెం కొంచెంగా గీకాడు. ఎర్రటి పొడి కనురెప్పల మీద పడుతున్నా ముఖం తిప్పుకోలేదు.

"నూనె కొట్టి పది నిమిషాలు వదిలెయ్ బావా, దానంతట అదే వస్తుంది," అన్నాడు బావమరిది.

నూనె కొట్టాడు. బయటికి రాలేదు. అక్కడే వెల్లకిలా పడుకుని బండి అడుగుభాగాన్ని చూస్తూ ఉండిపోయాడు. పది నిమిషాల తర్వాత బావమరిదే వంగి చూసి పిలవాల్సి వచ్చింది.

గుంటలో చిన్న కీ దూర్చి ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పానా తిప్పితే నట్టు కిర్రుమని వదిలింది. తర్వాత చట్రానికి కడ్డీని అదిమిపెట్టిన రెండు పట్టీలు, ఒక్కోదానికి రెండేసి బోల్టులు. పట్టీల కింద రబ్బర్లు ఎండి చీలిపోయి ఉన్నాయి. ఆఖరి బోల్టు ఊడాక ఇద్దరూ చెరో కొస పట్టుకుని, పొగగొట్టం మీదుగా వంపు తిప్పుతూ కుడిపక్కకి లాగారు. కడ్డీ బయటికి వచ్చింది. బావమరిది బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి మూతపెట్టాడు. కడ్డీని గోడకి ఆనించాడు.

చక్రాలు నేలకి దించాక ఇటుకలు రెండు వరసలు పేర్చి, ఎడమ వెనక చక్రం వాటిమీదికి ఎక్కించారు. చక్రం ఒక్కటే పైకి లేచింది. స్ట్రెచరు మీద నిలబెట్టిన నీళ్ల సీసా కొంచెం ఊగి, పడకుండా నిలబడింది.

"చూశావా," అన్నాడు బావమరిది, తన గొప్పే అయినట్టు. "మలుపుల్లో మాత్రం పక్కకి వాలుతుంది. అక్కడ నీ పేరు నిలబెట్టుకో."

అతను సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు. సంతోషమో బాధో ఏదో ఒకటి కలగాలి కదా అనుకున్నాడు. ఏదీ కలగలేదు. సీసా తీసి మూత బిగించాడు.

సాయంత్రం ఇంట్లో భార్య తెల్లకాగితాలూ కలమూ తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ మిషను ముందు కూర్చుని బట్టలు కుడుతూ మధ్యమధ్య తలెత్తి చూస్తోంది. అతను 'గౌరవనీయులైన' దగ్గర మొదలుపెట్టి, 'బండి బాగా ఊగుతుంది' దాకా రాసి ఆగిపోయాడు.

"అంతేనా రాసేది?"

"అంతే."

"ఊగితే? అంతకుముందు అదే బండిలో ఎంతమందిని తేలేదు మీరు? గంటన్నరకి మించి ఎప్పుడైనా పట్టిందా? ఆ రోజే ఎందుకు పట్టింది, అది రాయండి. నోరు తెరిచి చెప్పకపోతే తప్పు మీ నెత్తినే రుద్దుతారు."

అతను కలం మూత పెట్టాడు.

"మీతోపాటు ఆ కుర్రాడి తల్లి కూడా వచ్చిందిగా బండిలో. ఆవిణ్ణి అడిగితే చెబుతుంది కదండీ, ఏం జరిగిందో."

"ఆవిణ్ణి ఎవరూ అడగొద్దు."

అతను గొంతేమీ పెంచలేదు. అయినా భార్య మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది. తర్వాత మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున అతను బండి తీసేసరికి కేంద్రం గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. భుజానికి సంచీ, చంకలో ఫైలు, మెరిసే బూట్లు. సిస్టర్ ఆయన పక్కన కంగారుగా ఉంది.

"విచారణాధికారి గారు. సోమవారం ఆయనకి వేరే చోట పని పడిందట," అంది.

"బండి పైకే కదా వెళ్తోంది? నేనూ వస్తాను. దారి చూడాలి," అన్నాడు అధికారి.

అతను ఒక్క క్షణం స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని ఉండిపోయాడు. తర్వాత పక్క సీటు మీది దుమ్ము గుడ్డతో తుడిచాడు.

మొదటి నాలుగు కిలోమీటర్లు మట్టిబాట. ఆ పైన రాళ్లు. అధికారి, ఎవరో ముందే చెప్పినట్టు, రెండు చేతులతో పైపు గట్టిగా పట్టుకున్నాడు. బండి మొదటి రాయెక్కింది, దిగింది. రెండోది ఎక్కింది. ఆయన ఒక చెయ్యి వదిలాడు. ఇంకాసేపటికి రెండోది కూడా వదిలి, ఫైలు ఒళ్లో పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. అక్షరాలు కొంచెం వంకర పోతున్నాయి, అంతే. మెట్ల దారి అని పిలిచే అరకిలోమీటరు బండరాళ్ల దగ్గర కూడా ఆయన రాస్తూనే ఉన్నాడు. అతను దారి మీంచి చూపు తిప్పలేదు.

పైకి చేరాక అధికారి వాచీ చూశాడు.

"గంటా పది నిమిషాలు. అదీ కొండ ఎక్కడానికి. ఈ దారి గురించి చాలా విన్నాను గానీ మరీ అంత ఘోరంగా ఏం లేదే. మరి ఆ రోజు రెండున్నర గంటలు ఎందుకయింది?"

"ఆ రోజు బండికి ఒక కడ్డీ ఉందండీ. దానివల్ల ఊగేది. నిన్న తీసేశాను."

అధికారి కలం పైకెత్తాడు. "అనుమతి తీసుకున్నారా?"

"మూడు ఉత్తరాలు రాశానండీ. కదపొద్దని జవాబొచ్చింది."

"అయినా కదిపారు. అదీ విచారణకి ముందు."

"అవునండీ."

"అంటే ఆ రోజు బండి ఎలా ఉందో ఇప్పుడు నేను చూసే వీల్లేకుండా చేశారు. అర్థమవుతోందా మీకు?"

"అవుతోందండీ."

"మెల్లగా నడపమని ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే నడిపాను."

అధికారి చాలాసేపు రాశాడు. అతను దిగి స్ట్రెచరు సర్దాడు. వాచ్‌మనూ అతనూ కలిసి కట్టుకాలావిణ్ణి మోసుకొచ్చి పడుకోబెట్టారు. లావుపాటి మనిషి, నవ్వుముఖం. "నన్ను మొయ్యాలంటే జేసీబీ తేవాలి," అని తనే అంది. అతను బెల్టులు బిగిస్తుండగా అధికారి వాచ్‌మన్‌ని అడిగి, చనిపోయినతని తల్లిని పిలిపించాడు.

ఆవిడ రేకుల ఇంట్లోంచి వచ్చి బండికి కొంచెం దూరంలో నిలబడింది. చేతులు రెండూ కడుపు దగ్గర పెట్టుకుంది. స్ట్రెచరు వైపు చూడలేదు.

"అమ్మా, ఆ రోజు బండి బాగా మెల్లగా నడిపారా ఈయన?"

"మెల్లగానే నడిపానండీ," అన్నాడు అతను, బెల్టు మీదికి వంగి ఉండగానే. "రాసుకోండి."

"మిమ్మల్ని కాదు నేనడిగింది."

ఆవిడ ఇద్దరినీ చూసింది. "నేనూ కిందికొస్తాను," అంది. "వాడి చావు కాగితం తెచ్చుకోవాలి. అది లేకపోతే డబ్బివ్వడం కుదరదంటున్నారు క్వారీవాళ్లు." వెనక చిన్న సీట్లో ఎక్కి కూర్చుంది. ఆ రోజు కూర్చున్నదీ అక్కడే.

దిగుతున్నప్పుడు పై మలుపుల్లో బండి పక్కకి వాలింది. అతను అక్కడ దాదాపు ఆపి తిప్పాడు. మెట్ల దారి మొదలయింది. ముందు చక్రం మొదటి బండ మీంచి జారింది.

"మెల్లగా నాయనా," అంది వెనకనుంచి తల్లి. "మెల్లగా. మెల్లగా."

అతని కాలు తనకి తెలియకుండానే బ్రేకు మీదికి వెళ్లింది. బండి ఆగిపోయింది. అధికారి వెనక్కి తిరిగాడు. ఆవిడ రెండు చేతులతో కట్టుకాలుని అదిమి పట్టుకుని ఉంది.

"నాకేం నొప్పి లేదు వదినా, హాయిగానే ఉంది," అంది వాచ్‌మన్ భార్య.

ఆవిడ చేతులు తీసేసి, వాటిని చూసుకుంది.

"ఆ రోజు ఇలా లేదు," అంది. "ఆ రోజు రాయి రాయికీ వాడు కేక పెట్టాడు. నేను మెల్లగా అంటే మెల్లగా పోయాడు, ఆపమంటే ఆపాడు. అడిగినన్నిసార్లూ ఆపాడు ఈయన."

"బాధలో అంటోంది సార్. అది రాయొద్దు," అన్నాడు అతను.

అధికారి కలం జేబులోనే ఉంది.

"అయితే నేను తొందరగా పోనిచ్చుంటే," అందావిడ, "దక్కేవాడా?"

అది ఎవర్ని అడిగిందో తెలియలేదు. ఎవరి ముఖమూ చూడలేదావిడ. పది రోజులుగా అతను తనని తాను అడుక్కోకుండా పక్కన పెట్టింది ఈ ఒక్క మాటే. జేబులో కాగితం ఉంది. గంట ముందు తెచ్చి ఉంటే అని అందులో ఉంది. అదే వాక్యం అధికారి ఒళ్లో ఉన్న ఫైలులోనూ ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకునే ఆయన ఇంత దూరం వచ్చాడు.

"లేదమ్మా," అన్నాడు అధికారి.

ఆవిడ తలెత్తింది.

"లోపల రక్తం పోయింది. గంట ముందు వచ్చినా అంతే. రెండు గంటల ముందు వచ్చినా అంతే."

"మీకెలా తెలుసు?"

"డాక్టరు రాశాడు. నా దగ్గరుంది." ఫైలు మీద చెయ్యి పెట్టాడు ఆయన. తెరవలేదు.

"డాక్టరే రాశాడా?"

"డాక్టరే రాశాడమ్మా. మీరు మెల్లగా పొమ్మనడం వల్ల, ఆ కాసేపైనా వాడికి నొప్పి తగ్గింది. అంతకన్నా చెయ్యగలిగింది ఏమీ లేదు."

ఆవిడ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. అధికారి ముందుకి తిరిగి కూర్చుని, "పోనివ్వండి," అన్నాడు. చెయ్యి ఫైలు మీంచి తీయలేదు.

కేంద్రం చేరాక సిస్టర్ కట్టు చూడ్డానికి వాచ్‌మన్ భార్యని లోపలికి తీసుకెళ్లింది. అధికారి టేబుల్ దగ్గర గంటసేపు కూర్చున్నాడు. పొద్దున రాసిన కాగితాలు పక్కకి తీసి, సిస్టర్ని తెల్లకాగితాలు అడిగి మళ్లీ మొదటినుంచీ రాశాడు. బయటికొచ్చేసరికి అతను బండి చక్రాల్లో ఇరుక్కున్న రాళ్లు ఏరుతున్నాడు.

"జాప్యం సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు అధికారి. "కడ్డీ మాత్రం రాయక తప్పదు. విప్పినందుకు మీ మీద ఏదో ఒకటి వస్తుంది."

"రానివ్వండి."

"ఆ మూడు ఉత్తరాల నకళ్లు ఉన్నాయా?"

"ఇంట్లో ఉన్నాయండీ."

"పంపించండి. విప్పిన బండిలో నేను పైకీ కిందికీ తిరిగానని కూడా రాశాను." బూట్ల మీది దుమ్ము చూసుకుని, గేటు వైపు నడిచాడు.

మధ్యాహ్నం, పెద్దాసుపత్రి నుంచి వచ్చిన మరణ ధ్రువపత్రం సిస్టర్ దగ్గర తీసుకుని తల్లి బండి దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ భార్యకి కొత్త కట్టు వేస్తున్నారు, ఇంకా ఆలస్యమవుతుంది. తల్లి ముందు సీటు ఎక్కి అతని పక్కన కూర్చుంది. కాగితాన్ని ఒళ్లో పరిచి, అరచేత్తో సాపు చేసి, అతని వైపు జరిపింది.

"ఏం రాశారో ఒకసారి చదివిపెట్టు నాయనా. నాకు రాదు."

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. పై నుంచి మొదలుపెట్టాడు. పేరు చదివాడు. తల్లి పేరు, తండ్రి పేరు. వయసు ఇరవై నాలుగు. పని, రాయి తొలిచే పని. చనిపోయిన తేదీ చదివాడు. కారణం అన్నచోట లోపలి రక్తస్రావం అని ఉంది. ఆ మాట చదివాడు. దాని కింద సమయం. పదకొండు గంటల నలభై, అని చదవాలి. పదకొండు దగ్గర అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రెప్పలు గట్టిగా మూసి తెరిచాడు. మళ్లీ కలిసిపోయాయి. కాగితం మీద ఒక చుక్క పడితే బొటనవేలితో అద్దబోయి, సిరా అలుక్కుంటుందేమోనని వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ గేటు అవతల రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. అతన్ని తొందరపెట్టలేదు.